లాక్‌డౌన్ ఆర్డర్లు ఇచ్చింది ఎవరు, అడగాల్సింది ఎవరు?

(ఇది వీడియో ఎపిసోడ్ పూర్తి పాఠం. మాట్లాడిన తీరు పోకుండా, చదవడానికి వీలుగా అక్కడక్కడా సరిచేశాం.)

ఈరోజు కరోనా గురించి మాట్లాడదాం. అయితే వైరస్ గురించి కాదు, మాస్కుల గురించి కాదు. కాగితాల గురించి.

2020 మార్చి చివర్లో ఆదోనిలో, ఎమ్మిగనూరులో షాపులు మూతపడ్డాయి. బస్సులు ఆగిపోయాయి. వీధి చివర కర్రలు అడ్డం కట్టారు. అప్పుడు మీలో చాలామంది హైస్కూల్లో ఉండుంటారు. "బయటికి రావద్దంట" అని ఇంట్లో పెద్దవాళ్లు చెప్పారు, మనం లోపలే ఉన్నాం. ఆ "అంట" ఎవరిది? ఏ చట్టం కింద చెప్పారు? చెప్పినవాళ్లను ఎవరైనా ప్రశ్న అడిగారా? ఈ మూడు ప్రశ్నలే ఇవాళ్టి ఎపిసోడ్.

ముందే ఒక మాట చెప్పేస్తా. లాక్‌డౌన్ తప్పా, ఒప్పా అని తేల్చడానికి నేను కూర్చోలేదు. ఇల్లు తగలబడుతుంటే ముందు నీళ్లు పోయాలి, మీటింగ్ పెట్టకూడదు. అది నేనూ ఒప్పుకుంటా. కానీ మంట కాస్త తగ్గాక ఎన్ని బిందెలు పోశారు, ఏ ఇంటి మీద పోశారు, ఎవరి ఇల్లు మర్చిపోయారు అని అడగాలి కదా. ఆ అడగడం ఎవరి పని, ఆ పని ఎంతవరకు జరిగింది అన్నదే నా పాయింట్.

దేశంలో ఎమర్జెన్సీ పెట్టారా?

లేదు. చాలామంది పొరబడేది ఇక్కడే. రాజ్యాంగంలో 352వ అధికరణ కింద ఎమర్జెన్సీ అని ఒకటుంది. 1975లో ఇందిరాగాంధీ పెట్టింది అదే. కరోనాకు దాన్ని వాడలేదు. అలాంటి ఎమర్జెన్సీ పెడితే నెల రోజుల్లోపు పార్లమెంట్ ఆమోదం తీసుకోవాలి. ఆరు నెలలకోసారి మళ్లీ తీసుకోవాలి. అంటే అందులో కాపలా ఉంది.

కరోనాకు వాడినవి రెండు మామూలు చట్టాలు.

మొదటిది 1897 నాటి అంటువ్యాధుల చట్టం. బొంబాయిలో ప్లేగు వచ్చినప్పుడు బ్రిటిష్ వాళ్లు హడావుడిగా చేశారు. అప్పటికి మన ఆదోని కర్నూలు జిల్లాలో లేదు, మద్రాసు ప్రెసిడెన్సీలో బళ్లారి జిల్లా కింద ఉండేది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఇటు వచ్చింది. బొంబాయి నుంచి మద్రాసు పోయే రైలు అప్పుడూ ఆదోని మీదుగానే పోయేది. ఈ చట్టంలో రైళ్లలో ప్రయాణించేవాళ్లను తనిఖీ చేయొచ్చు, అనుమానం ఉన్నవాళ్లను విడిగా ఉంచొచ్చు అని స్పష్టంగా రాసుంది. అసలు చట్టం మొత్తం నాలుగైదు సెక్షన్లే, రెండు పేజీలు నిండవు. "మామూలు చట్టాలు సరిపోవు అనిపిస్తే ప్రభుత్వం తాత్కాలిక నిబంధనలు పెట్టుకోవచ్చు" అన్నది దాని సారం. ఆ నిబంధనలను ఏ సభ ముందైనా పెట్టాలని అందులో ఒక్క మాట లేదు. ఎందుకుంటుంది? 1897లో మనం ఓటేసి గెలిపించిన సభే లేదు కదా.

రెండోది 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం. 2004 డిసెంబర్ సునామీ తర్వాత చేశారు. 2020 మార్చి 24న కేంద్రం దేశవ్యాప్త లాక్‌డౌన్ ఆర్డర్ ఇచ్చింది ఈ చట్టం కిందే. అంతకు ముందే, మార్చి 13న, మన రాష్ట్ర ప్రభుత్వం 1897 చట్టం కింద కోవిడ్ రెగ్యులేషన్లు తెచ్చింది. అంటే మన ఊరి మీద రెండు చట్టాలూ ఒకేసారి పనిచేశాయి.

మూడు రకాల కాగితాలు

ఇప్పుడు అసలు సంగతి. ప్రభుత్వం దగ్గర నుంచి వచ్చే కాగితాలు మూడు రకాలు అనుకోండి.

పైన ఉండేది చట్టం, లేదా ఆర్డినెన్స్. సభ జరగనప్పుడు కేంద్రంలో రాష్ట్రపతి, రాష్ట్రంలో గవర్నర్ పేరుతో ఆర్డినెన్స్ తెస్తారు. చట్టానికి ఉన్నంత బలం దీనికీ ఉంటుంది. కానీ దీనికి తాడు కట్టి ఉంటుంది. సభ మళ్లీ మొదలవగానే సభ ముందు పెట్టాలి. సభ మొదలైన ఆరు వారాల్లోపు ఆమోదం రాకపోతే అది చచ్చిపోతుంది. సభ ముందు పెట్టడం తప్పనిసరి అని 2017లో సుప్రీంకోర్టు బిహార్ కేసులో గట్టిగా చెప్పింది కూడా.

మధ్యలో ఉండేవి రూల్స్. చట్టంలో ఖాళీలు నింపడానికి ప్రభుత్వం రాసుకునేవి. విపత్తు చట్టం కింద కేంద్రం చేసే రూల్స్‌ను పార్లమెంట్ ముందు 30 రోజులు పెట్టాలి. సభ కావాలంటే మార్చొచ్చు, కొట్టేయొచ్చు.

కింద ఉండేవి ఆర్డర్లు, జీవోలు, మార్గదర్శకాలు. షాపులు ఎప్పుడు తెరవాలి, ఏ వీధి కంటైన్‌మెంట్ జోన్, ఊరు దాటాలంటే ఏ పాస్ కావాలి, అన్నీ వీటిలోనే. వీటిని సభ ముందు పెట్టాలని ఆ రెండు చట్టాల్లోనూ లేదు. ఎప్పటికి ముగియాలో చట్టం చెప్పదు. పొడిగిస్తూ పోవచ్చు.

లాక్‌డౌన్ అంతా నడిచింది ఈ మూడో రకం మీదే. చూశారా తిరకాసు? మన వీధికి బాగా దగ్గరగా వచ్చే కాగితమే సభకు బాగా దూరంగా ఉంటుంది. ఎమ్మిగనూరులో మగ్గం నేసే మనిషి రోజు కూలీ ఆగిందంటే ఆ మూడో రకం కాగితం వల్లే ఆగింది. 2020 మే 1న కేంద్రం ఇచ్చిన జాబితాలో కర్నూలు జిల్లా మొత్తం రెడ్ జోన్. ఆ జాబితా కూడా ఒక అధికారి రాసిన లేఖే, ఏ సభా ఓటు వేసింది కాదు.

ఆర్డర్ మీరినవాళ్ల మీద పెట్టిన కేసు సాధారణంగా ఐపీసీ 188. అధికారి ఆదేశం ఉల్లంఘించడం అన్నమాట. ఇప్పుడు కొత్త న్యాయ సంహితలో అది 223వ సెక్షన్ అయింది, జరిమానా, శిక్ష రెండూ పెరిగాయి. అంటే సభ చూడని ఆర్డర్‌ను మీరినా జైలు దాకా పోవచ్చు. అందుకే దీన్ని చిన్న విషయం అనుకోవద్దు.

సభలు ఎన్ని రోజులు కూర్చున్నాయి?

తేదీలు చెప్తా, మీరే లెక్క వేసుకోండి.

పార్లమెంట్ బడ్జెట్ సమావేశాలు 2020 ఏప్రిల్ 3 దాకా జరగాలి. మార్చి 23న ఆపేశారు. మర్నాడు రాత్రే లాక్‌డౌన్ ప్రకటన. మళ్లీ కూర్చున్నది సెప్టెంబర్ 14న. రెండు సమావేశాల మధ్య ఆరు నెలలు దాటకూడదని రాజ్యాంగం చెప్తుంది. ఆ గడువుకు తొమ్మిది రోజుల ముందు కూర్చున్నారు. అక్టోబర్ 1 దాకా అనుకున్నది సెప్టెంబర్ 23కే ముగించారు. ఆ ఏడాది శీతాకాల సమావేశాలు అసలు లేవు. 2021లో బడ్జెట్ సమావేశాలు మార్చి 25న ముగిశాయి, మళ్లీ జూలై 19న మొదలయ్యాయి. ఆక్సిజన్ సిలిండర్ల కోసం జనం ఊళ్లు తిరిగిన ఏప్రిల్, మే నెలలు సరిగ్గా ఆ మధ్యలో పడ్డాయి.

మన అసెంబ్లీ? 2020 జూన్ 16, 17, రెండు రోజులు. నవంబర్ 30 నుంచి డిసెంబర్ 4 దాకా ఐదు రోజులు. ఆ తర్వాత 2021 మే 20న ఒక్క రోజు, అదే రోజు బడ్జెట్ పెట్టి అదే రోజు ఆమోదించారు. లాక్‌డౌన్ మొదలైనప్పటి నుంచి 2021 మే చివరి దాకా, పద్నాలుగు నెలల్లో, మొత్తం ఎనిమిది రోజులు. ఆ రెండేళ్లూ ఏప్రిల్‌లో జీతాలకు, ఖర్చులకు డబ్బు తీయడానికి కూడా ఆర్డినెన్స్ తెచ్చారు. ప్రజల డబ్బు ఖర్చుకు సభ అనుమతి అన్నది ప్రజాస్వామ్యంలో మొదటి పాఠం. అది కూడా గవర్నర్ సంతకంతో నడిచింది.

"అన్నా, సభ పెడితే వాళ్లకూ కరోనా వచ్చేది కదా" అంటారా? న్యాయమైన మాటే. 2020 సెప్టెంబర్ సమావేశాలు మొదలైన రెండు రోజులకే మన తిరుపతి ఎంపీ బల్లి దుర్గాప్రసాద్ కోవిడ్‌తో చనిపోయారు. అది తేలిగ్గా తీసుకునే విషయం కాదు.

కానీ కూర్చోకుండా అడిగే దారులూ ఉన్నాయి. న్యూజిలాండ్ చూడండి. అక్కడ 2020 మార్చి 25న పార్లమెంట్ వాయిదా వేస్తూనే ఒక ప్రత్యేక కమిటీ వేశారు. దాని ఛైర్మన్ ప్రతిపక్ష నాయకుడు సైమన్ బ్రిడ్జెస్. మంత్రులను, అధికారులను వీడియో కాల్‌లో కూర్చోబెట్టి అడిగారు. జనం లైవ్‌లో చూశారు. బ్రిటన్‌లో కరోనా చట్టం చేసినప్పుడే రెండేళ్లకు ముగిసేలా రాశారు. ఆరు నెలలకోసారి దాన్ని కొనసాగించాలా వద్దా అని సభలో ఓటు పెట్టాలని కూడా రాశారు. 2020 సెప్టెంబర్ 30న ఆ ఓటు పెడితే 330 మంది కొనసాగించాలన్నారు, 24 మంది వద్దన్నారు. ఫలితం ముందే తెలిసిందే. అయినా ప్రభుత్వం లేచి నిలబడి "ఇందుకు ఇంకా కావాలి" అని కారణం చెప్పుకోవాల్సి వచ్చింది.

మన దగ్గర హైకోర్టులు వీడియోలో కేసులు విన్నాయి. మీరు ఫోన్‌లో క్లాసులు విన్నారు, సిగ్నల్ కోసం మిద్దె ఎక్కి మరీ విన్నారు. పార్లమెంటరీ కమిటీలకు మాత్రం వీడియో మీటింగులకు అనుమతి రాలేదు. కమిటీ చర్చలు రహస్యంగా ఉండాలన్న నియమం అడ్డం అన్నారు. అప్పుడు రాజ్యసభ ఛైర్మన్ మన వెంకయ్యనాయుడు గారు, లోక్‌సభ స్పీకర్ ఓం బిర్లా. కమిటీలు తర్వాత నేరుగా కూర్చుని మంచి పనే చేశాయి. ఆరోగ్య కమిటీ 2020 నవంబర్‌లో, హోం శాఖ కమిటీ డిసెంబర్‌లో కోవిడ్ మీద రిపోర్టులు ఇచ్చాయి. కానీ అవి వచ్చేసరికి మొదటి వేవ్ అయిపోయింది.

ఒక్క ప్రశ్న విలువ ఎంత?

"సరే, అడిగితే మాత్రం ఏమవుద్ది?" అనే వాళ్లకు రెండు ఉదాహరణలు.

మన పడమటి మండలాల సంగతి మీకు తెలుసు. కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు, మంత్రాలయం, ఇటు ఆదోని, ఎమ్మిగనూరు పల్లెలు. వాన లేకపోతే సుగ్గి. ఇల్లు తాళం వేసి, పిల్లల్ని ఎత్తుకుని గుంటూరు మిరప చేలకు, తెలంగాణకు, బెంగళూరుకు. లాక్‌డౌన్ పడింది సరిగ్గా మిరప కోతల కాలంలో. పోయినవాళ్లు పోయినచోటే ఇరుక్కున్నారు. వాళ్లను ఎట్లా తేవాలి, ఎక్కడ ఉంచాలి, బియ్యం ఎక్కడ ఇవ్వాలి అన్నవన్నీ మూడో రకం కాగితాలే నిర్ణయించాయి.

ఇప్పుడు దేశం లెక్కకు రండి. 2020 సెప్టెంబర్ 14న లోక్‌సభలో ఒక ప్రశ్న: ఇళ్లకు తిరిగిపోతూ ఎంతమంది వలస కూలీలు చనిపోయారు? కార్మిక శాఖ రాతపూర్వక జవాబు: అలాంటి లెక్క మా దగ్గర లేదు. కోటి మందికి పైగా సొంత ఊళ్లకు తిరిగిపోయారని మాత్రం లెక్క ఉంది. నాలుగు రోజుల తర్వాత రాజ్యసభలో ఇంకో ప్రశ్న, ఈసారి శ్రామిక్ రైళ్ల గురించి. రైల్వే మంత్రి జవాబు: సెప్టెంబర్ 9 దాకా 97 మంది ఆ రైళ్లలో ప్రయాణిస్తూ చనిపోయారు.

ఆ 97 అనే అంకె ఎట్లా బయటికొచ్చింది? ఒక ఎంపీ అడిగారు కాబట్టి. అడగకపోతే అది ఏదో ఫైల్లో ఉండేది. "లెక్క లేదు" అన్న జవాబు కూడా తక్కువదేం కాదు. లెక్క పెట్టలేదని ప్రభుత్వమే రాసి ఇచ్చింది కదా, దాని మీద దేశమంతా మాట్లాడింది.

ఇంకో మెలిక ఉంది. ఆ సమావేశాల్లో ప్రశ్నోత్తరాల సమయాన్ని ఎత్తేశారు. రాతపూర్వక ప్రశ్నలకు మాత్రమే జవాబులు. మామూలుగా అయితే చుక్క గుర్తు ప్రశ్నలుంటాయి. మంత్రి లేచి జవాబు చెప్తే, ఎంపీ అక్కడికక్కడే "మరి ఎందుకు లెక్క పెట్టలేదు?" అని అనుబంధ ప్రశ్న వేయొచ్చు. వాట్సాప్‌లో ఒక మెసేజ్ పెట్టి ఊరుకోవడానికి, ఎదురుగా కూర్చుని అడగడానికి ఎంత తేడా ఉంటుందో ఇక్కడా అంతే తేడా. ఆ రెండో అవకాశం అప్పుడు లేదు.

ఆదోని యార్డు, హైదరాబాద్ పింఛను

మహమ్మారి కాలంలో వచ్చిన ఆర్డినెన్స్‌లు అన్నీ మహమ్మారి గురించే కావు. ఇది గుర్తుపెట్టుకోండి.

2020 జూన్ 5న కేంద్రం మూడు వ్యవసాయ ఆర్డినెన్స్‌లు తెచ్చింది. ఆదోని పత్తి మార్కెట్ ఎంత పెద్దదో నేను చెప్పక్కర్లేదు. యార్డు బయట, మార్కెట్ ఫీజు లేకుండా ఎవరైనా కొనొచ్చు అన్నది అందులో ఒకటి. మంచిదంటారా, చెడ్డదంటారా, రెండు వైపులా వాదన ఉంది. కానీ యార్డు మీద బతికే రైతు, హమాలీ, కమీషన్ ఏజెంటు, వీళ్లెవరి మాటా సభలో వినిపించకముందే అది అమల్లోకి వచ్చేసింది. సెప్టెంబర్ 20న రాజ్యసభలో ఓట్లు లెక్కపెట్టమని ప్రతిపక్షం అడిగినా మూజువాణి ఓటుతో బిల్లులు దాటించారు. తర్వాత కథ తెలిసిందే. ఢిల్లీ సరిహద్దుల్లో ఏడాది ఉద్యమం, 2021 జనవరి 12న సుప్రీంకోర్టు స్టే, నవంబర్ 29న అదే పార్లమెంట్ రద్దు చేసింది. సభలో ముందే కమిటీకి పంపి మాట్లాడించి ఉంటే ఆ ఏడాది రోడ్డు మీద గడిచేది కాదని నా అభిప్రాయం.

ఇప్పుడు జీతాల సంగతి. 2020 మార్చి చివర్లో రెండు తెలుగు రాష్ట్రాలూ ఉద్యోగుల జీతాలు, పింఛన్లలో కొంత ఆపాయి. రెండూ జీవోలతోనే ఆపాయి. తెలంగాణలో హైకోర్టు "ఏ చట్టం కింద ఆపారు?" అని అడిగింది. అప్పుడు జూన్‌లో ఆర్డినెన్స్ తెచ్చారు, సెప్టెంబర్‌లో అసెంబ్లీలో బిల్లు పెట్టి ఆమోదించుకున్నారు. ఆంధ్రలో ఒక విశ్రాంత జిల్లా జడ్జి గారు కోర్టుకెళ్లారు. 2020 ఆగస్టులో హైకోర్టు 12 శాతం వడ్డీతో కట్టమంది. 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు వడ్డీని 6 శాతానికి తగ్గించింది కానీ కట్టాల్సిందే అంది.

ఇందులో మనం నేర్చుకునేది ఏంటంటే, "ఏ చట్టం కింద?" అనే మూడు పదాలకు అంత బలం ఉంది. కోర్టు అడిగింది, మంచిదే. కానీ కోర్టుకు పోవాలంటే డబ్బు, టైము, వకీలు కావాలి. సభలో అయితే మన తరఫున అడగడానికి మనం ఇప్పటికే ఒకరికి జీతమిచ్చి పెట్టుకున్నాం.

వార్డులో కూడా ఎవరూ లేరు

ఈ ఎపిసోడ్ కోసం పాత తేదీలన్నీ ఒక పేపర్ మీద వరుసగా రాసుకుంటే నాకు అన్నిటికంటే ఆశ్చర్యం అనిపించింది ఇది.

పార్లమెంట్ దూరం, అసెంబ్లీ దూరం అనుకుందాం. మరి మన కౌన్సిలర్? ఆదోని, ఎమ్మిగనూరు మున్సిపాలిటీల పాలకవర్గాల గడువు 2019 జూలైలోనే ముగిసింది. తర్వాత ప్రత్యేక అధికారుల పాలన. 2020 మార్చిలో ఎన్నికలు పెట్టబోయి, కరోనా వల్ల మార్చి 15న రాష్ట్ర ఎన్నికల కమిషనర్ వాయిదా వేశారు. ఏప్రిల్ 10న ఒక ఆర్డినెన్స్ వచ్చింది. కమిషనర్ పదవీకాలం ఐదేళ్ల నుంచి మూడేళ్లు అయింది, దాంతో ఆయన పదవి పోయింది. మే 29న హైకోర్టు ఆ ఆర్డినెన్స్‌ను కొట్టేసింది. అసెంబ్లీ కూర్చునే సరికి జూన్ 16. చివరికి మున్సిపల్ ఎన్నికలు జరిగింది 2021 మార్చి 10న. గ్రామ పంచాయతీల గడువు 2018 ఆగస్టులోనే పోయింది, ఎన్నికలు 2021 ఫిబ్రవరిలో.

అంటే మొదటి వేవ్ మొత్తంలో మన వార్డులో కౌన్సిలర్ లేడు, పల్లెలో సర్పంచ్ లేడు.

ఇంకా వినండి. విపత్తు చట్టం 25వ సెక్షన్ ప్రకారం ప్రతి జిల్లాలో ఒక అథారిటీ ఉంటుంది. దానికి కలెక్టర్ ఛైర్మన్. పక్కన సహ ఛైర్మన్‌గా స్థానిక సంస్థ నుంచి ఎన్నికైన మనిషి ఉండాలి. చట్టం రాసినవాళ్లు ఆ కుర్చీ ఊరికే పెట్టలేదు. అధికారి పక్కన జనం మనిషి ఒకరు కూర్చోవాలని పెట్టారు. కానీ మన జిల్లా పరిషత్ గడువు కూడా 2019 జూలైలో ముగిసింది. పోలింగ్ 2021 ఏప్రిల్‌లో జరిగినా ఓట్ల లెక్కింపు సెప్టెంబర్‌లో. అంటే రెండు వేవ్‌లూ గడిచిపోయే దాకా ఎన్నికైన జిల్లా పరిషత్ ఛైర్మన్ లేరు. చట్టంలో కుర్చీ ఉంది, కూర్చోవడానికి జనం గెలిపించిన మనిషి లేడు.

అధికారులు పని చేయలేదని నేను అనడం లేదు. ఆశా కార్యకర్తలు, పారిశుధ్య కార్మికులు, వాలంటీర్లు, పోలీసులు, నర్సులు ప్రాణాలకు తెగించి చేశారు. ఆదేశం ఇచ్చేవాళ్లు రాత్రింబవళ్లు పనిచేస్తున్నప్పుడు, ఆదేశాన్ని ప్రశ్నించే కుర్చీలు వార్డు నుంచి ఢిల్లీ దాకా ఒకేసారి ఖాళీగా ఉన్నాయి. సమస్య అదీ.

ఇప్పుడు ఎందుకు మాట్లాడుతున్నా?

ఎందుకంటే 1897 చట్టం ఇంకా బతికే ఉంది. 2020లో దానికి ఒక సవరణ చేశారు. వైద్య సిబ్బంది మీద దాడి చేస్తే గట్టి శిక్ష, ఐదేళ్ల దాకా జైలు, తీవ్ర గాయమైతే ఏడేళ్ల దాకా. మంచి సవరణే. ఏప్రిల్ 22న ఆర్డినెన్స్‌గా వచ్చి సెప్టెంబర్‌లో పార్లమెంట్ ఆమోదం పొందింది. చూశారా, దారి ఉంది, వాడారు కూడా. కానీ "నిబంధనలను సభ ముందు పెట్టాలి" అనే వాక్యం మాత్రం అందులో చేరలేదు. 2024 ఫిబ్రవరిలో లా కమిషన్ ఈ చట్టం మీద 286వ రిపోర్టు ఇచ్చింది. లోపాలు చాలా ఉన్నాయి, సరిగ్గా సవరించాలి లేదా కొత్త చట్టం చేయాలి అంది.

రేపు ఇంకో రోగం వస్తే మళ్లీ ఇవే కాగితాలు. అందుకే ఏం ఉంటే బాగుంటుందో నా లెక్క చెప్తా. ఒకటి, ప్రతి అత్యవసర ఆర్డర్ మీదా ముగింపు తేదీ. రెండు, 30 రోజుల్లోపు ఆ ఆర్డర్ల కట్ట మొత్తం అసెంబ్లీ టేబుల్ మీద పెట్టడం. మూడు, సభ కూర్చోలేకపోతే వీడియోలో కూర్చునే కమిటీ, దానికి ప్రతిపక్షం నుంచి ఛైర్మన్. ఈ మూడింటికి పెద్ద ఖర్చేం లేదు.

మీ చేతిలో ఫోన్ ఉంది, మీరేం చేయొచ్చు?

మొదటిది, ఎవరైనా "రూల్ అంతే" అంటే జీవో నంబరు, తేదీ అడగండి. మర్యాదగా అడగండి, గొడవ వద్దు. మన రాష్ట్రంలో 2021 ఆగస్టులో జీవోలను వెబ్‌సైట్‌లో అందరికీ కనపడేలా పెట్టడం ఆపేశారు. 2024లో ప్రభుత్వం మారాక మళ్లీ మొదలుపెట్టారు. అంటే చూసే హక్కు కూడా వచ్చిపోతూ ఉంటుంది. ఉన్నప్పుడు వాడుకోవాలి.

రెండోది, లోక్‌సభ, రాజ్యసభ వెబ్‌సైట్‌లలో మీ ఎంపీ పేరు కొడితే ఆయన ఏ ప్రశ్నలు అడిగారో, జవాబు ఏం వచ్చిందో కనపడుతుంది. కర్నూలు ఎంపీ ప్రశ్నలు ఒకసారి చదవండి, పార్టీ ఏదైనా సరే. మన ఊరి పత్తి, మన చేనేత, మన సుగ్గి వాటిలో ఉన్నాయా లేదా చూడండి.

మూడోది, సమాచార హక్కు దరఖాస్తు. తెల్ల కాగితం, పది రూపాయల ఫీజు, 30 రోజుల్లో జవాబు రావాలి. "2020, 2021లలో మా పట్టణంలో విపత్తు చట్టం కింద ఇచ్చిన ఆర్డర్ల కాపీలు ఇవ్వండి" అని ఒక్క వాక్యం చాలు. కాలేజీలో నలుగురు కలిసి వేస్తే మన ఊరికి ఒక రికార్డు తయారవుతుంది.

నాలుగోది, ఓటు అడగడానికి ఇంటికొచ్చే నాయకుడిని ఎప్పుడూ అడిగే రోడ్డు, నీళ్ల ప్రశ్నలతో పాటు ఇంకొకటి అడగండి. "సార్, అసెంబ్లీ ఏడాదికి ఎన్ని రోజులు జరగాలంటారు? మీరు అక్కడ ఏం అడుగుతారు?" జవాబు తడబడితే మీకు అర్థమైపోతుంది.

ఈ ఎపిసోడ్ నచ్చితే మీ ఇంట్లో పెద్దవాళ్లకు కూడా చూపించండి. 2020లో మీ వీధిలో ఏ ఆర్డర్ వచ్చింది, ఎవరు తెచ్చి అంటించారు, ఎన్ని రోజులుంది అని వాళ్లను అడిగి రాసి పెట్టుకోండి.